బస్సు ఆగింది, అవ్వ ఆగలేదు

సోగత్తూరు
3 జూలై 2025

తేనూ, నా తల్లీ,

మీ అవ్వ మునియక్క చెబుతుంటే కొట్టు అలమేలమ్మ రాస్తున్న జాబు ఇది. ముందు నువ్వు వేళకు తింటున్నావో లేదో చెప్పు. తర్వాత నా వ్యాజ్యం విను.

ఫోను ఉండగా జాబెందుకు అంటావు. మా ఇంట్లో ఒక ఫోను మీ మామ జేబులో ఉంటుంది, ఇంకొకటి మీ అత్త సౌభాగ్యం నడుములో ఉంటుంది. నేను మాట్లాడితే ఇద్దరూ చెరొక పక్క నిలబడి వింటారు. నా వ్యాజ్యమే వాళ్ళ మీద. ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం గానీ తెలుగు అక్షరం ఒక్కరికీ రాదు. మీ మామ మాదేశ్వరన్ చదివితే తమిళమే. కాబట్టి ఈ కాగితం వాడి ముందే పడున్నా నాకు భయం లేదు. చిన్నప్పుడు కొట్టు అరుగు మీద కూర్చోబెట్టి అలమేలమ్మ నీకు ఈ అక్షరాలు నేర్పించింది చూడు, ఆ పుణ్యం ఇప్పుడు నాకు పనికొచ్చింది. జవాబు కొట్టు అడ్రసుకే రాయి.

జరిగింది ఇది. పోయిన వారం ఎప్పటిలాగే గంపలో ఆకుకూరలు పెట్టుకుని ధర్మపురి పోయే టౌన్ బస్సు ఎక్కాను. సీటు దొరికింది. సంత మలుపు కనబడగానే లేచి, గంప చంకన పెట్టుకుని వాకిలి దగ్గరికి నడిచాను. ముందే లేచి నిలబడకపోతే మన స్టాపింగు దాటించేస్తారు కదా, మేమంతా అలాగే లేస్తాం. ఇంతలో ఒక దూడ రోడ్డుకు అడ్డం వచ్చింది. డ్రైవరు బ్రేకు తొక్కాడు. బస్సు ఆగింది. నేను ఆగలేదు. నుదురు ఇనుప కమ్మీకి కొట్టుకుని చీలింది. మెంతికూర బస్సంతా పరుచుకుంది. నెత్తురు కారుతుంటే అందరూ నన్ను పట్టుకోవడానికి వచ్చారు. "నన్ను వదలండి, కూర తొక్కద్దండి" అని అరిచాను. ఆ డ్రైవరే దిగి వచ్చి కూరంతా ఏరి గంపలో వేశాడు. మేలు మరిచేదాన్ని కాను, అదీ రాయించాలి కాబట్టి రాయిస్తున్నాను.

ఆస్పత్రిలో కుట్లు వేయించి ఇంటికి తెచ్చాక మీ మామ మొదలుపెట్టాడు.

"అమ్మా, నీకు తల తిరిగింది. వయసైపోయింది."

"తల తిరగలేదురా. బస్సు తోసింది."

"బస్సు ఎట్ల తోస్తుంది? ఇంకెవురూ పడలేదే!"

"వాళ్ళు కమ్మీ పట్టుకోనుండారు. నా చేతిలో గంప ఉండాది."

"అదే నేనూ చెప్పేది. ఇంక గంపా వద్దు, బస్సూ వద్దు. ఇంట్లో కూచో. నేను సంపాదించి పెట్టడంలా?"

అని గంపను అటక మీదికి ఎక్కించాడు. నాకు అందదని తెలిసే చేశాడు. అప్పటి నుంచి నేను వాకిట్లో కూర్చుని వచ్చేపోయేవాళ్ళ జాలి చూపులు లెక్కపెడుతున్నాను. సంత గేటు పక్కన నా చోటులో మునగాకు అమ్మే తిలగవతి కూర్చుంటోందట. పొద్దున బస్సు హారను వినబడితే నా కాళ్ళు వాటంతట అవే లేస్తున్నాయి, తేనూ. లేచి ఎక్కడికి పోతాయి?

నువ్వు పిల్లలకు కదిలేవాటి గురించి, వేగం గురించి గీతలు గీసి చెబుతావని ఊరంతా గొప్పగా చెప్పుకున్నాను. చెప్పు మరి. నాకు తల తిరిగిందా, బస్సు తోసిందా? తీర్పు రాసి పంపు. వాడి ముందు చదివిస్తాను.

వేలిముద్ర వేసింది
మీ అవ్వ మునియక్క

(తేన్మొళీ, నేను అలమేలుమంగను. ఆమె చెప్పింది చెప్పినట్టే రాశాను. కొడుకును తిట్టిన తిట్లు మాత్రం కాగితం పట్టక వదిలేశాను.)


పాపిరెడ్డిపట్టి
8 జూలై 2025

అవ్వా,

నీ జాబు బడి మెట్ల మీదే నిలబడి చదివాను. కుట్లు తీశారా? నుదురు వాపు తగ్గిందా? ఇంత జరిగితే మామ నాకు ఫోనులో "అమ్మకు ఒంట్లో బాగలేదు" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నాడు.

అమ్మ పోయాక నన్ను చంకన, గంపను నెత్తిన పెట్టుకుని నువ్వు ఆ బస్సు ఎక్కిన రోజులు నాకు గుర్తున్నాయి. నేను టీచరునైంది ఆ గంప వల్లే. అది అటక ఎక్కిందంటే నాకు అన్నం దిగలేదు.

ఇదిగో తీర్పు. నీకు తల తిరగలేదు. ఈ మాట మామ ముందు గట్టిగా చదివించు. కానీ అవ్వా, బస్సు కూడా నిన్ను తోయలేదు. ఎవరూ తోయలేదు. బస్సు పరిగెడుతుంటే అందులో ఉన్న నువ్వూ అదే వేగంతో పోతున్నట్టే. బ్రేకు చక్రాలను పట్టుకుంది. బస్సు నేల నీ పాదాలను పట్టుకుంది. నీ ఒంటిని పట్టుకున్నవాళ్ళు ఎవరూ లేరు. అది అంతకుముందు ఎలా పోతోందో అలాగే ముందుకు పోయింది. పోయేదానికి పోతూ ఉండడమే సహజం. ఆపాలంటేనే బలం కావాలి.

నీకు ఇంకో సంగతి చెప్పాలి. తొమ్మిదో తరగతికి ఈ పాఠమే నడుస్తోంది. నేను బోర్డు మీద గీతలు గీస్తే పిల్లలు ముగ్గు చూసి ముగ్గు వేసినట్టు నోటుపుస్తకంలో వేసుకునేవాళ్ళు. గీత పైకి పోతుంటే "బస్సు చిట్టేరి కొండ ఎక్కుతాండాది టీచర్" అనేవాళ్ళు. నాకు ఏడుపొచ్చేది. నిన్న నీ జాబు చేతిలో ఉంది కదా, పుస్తకం మూసేసి నీ ప్రయాణం చెప్పాను. అడ్డంగా కాలం, నిలువుగా నువ్వు పోయిన దూరం. ఇంటి నుంచి స్టాపింగుకు నడిచినంతసేపు గీత మెల్లగా లేచింది. బస్సు ఎక్కాక గబగబా పైకి లేచింది. ఆ రెంటి మధ్యలో కొంచెంసేపు చాప పరిచినట్టు అడ్డంగా పడుకుంది.

"ఈ గీత పడుకోనుండాదే, అప్పుడు అవ్వ ఏం చేస్తాండాది?" అని అడిగాను.

వెనక బెంచీ నుంచి మణిమేగలై అనే పిల్ల లేచింది. బడి తెరిచినప్పటి నుంచి ఆ పిల్ల గొంతు నేను వినలేదు. "స్టాపింగులో నిలబడి ఎవురితోనో జగడం పెట్టుకోనుండాది టీచర్. కాలం పోతాండాది, అవ్వ పోలేదు" అంది.

క్లాసంతా నవ్వింది. ఆ నవ్వులో అందరికీ గీత అర్థమైపోయింది. ఇన్నేళ్ళ నా సుద్దముక్క చేయలేని పని నువ్వు చేశావు. నీకు నమస్కారం.

నీ మనవరాలు
తేన్మొళి


సోగత్తూరు
22 జూలై 2025

తేన్మొళి టీచరుకు,

నువ్వు మనవరాలివి కాదు, టీచరువు. అందుకే ఇలా పిలుస్తున్నాను.

నీ తీర్పు నేనే వాడి ముందు చదివించాను. అలమేలమ్మ గొంతెత్తి చదివింది. "ఎవరూ తోయలేదు" అనే చోటికి వచ్చేసరికి మీ మామ తొడ చరుచుకున్నాడు. "చూసినావా అమ్మా, నీ మనవరాలే చెప్పింది. ఎవురూ తోయకుండా పడినావంటే నీ అంతట నువ్వే పడినావు!" అన్నాడు. మిగతాది విననే లేదు. నేను నిన్ను సాక్షికి పిలిస్తే నువ్వు పోయి అవతలి పక్క నిలబడ్డావే!

స్టాపింగులో నేను జగడం పెట్టుకుంటే గీత పడుకుంటుందా? ఆ పిల్లెవరో గానీ నన్ను పక్కనుండి చూసినట్టే చెప్పింది. పోనీ, పిల్లలు నవ్వారంటే సంతోషమే.

అంతకంటే పెద్ద ముప్పు వచ్చి పడింది. నాకెవరో సూనియం పెట్టారు, చేతబడి. ఊరికే అనడం లేదు, కాగితం చిక్కింది. మొన్న పోస్టులో మీ మామ పేరుకు ఒక కవరు వచ్చింది. పంపినవాళ్ళ పేరు లేదు. పోస్టు ముద్ర అలుక్కుపోయింది. లోపల చిన్న చిన్న గళ్ళ కాగితం, అచ్చం యంత్రంలో గీసే గళ్ళే. దాని మీద ఒక ఆడమనిషి బొమ్మ. చీర, కొప్పు, నుదుట ఎర్రగా గాయం, పక్కన గంప. ఇంకెవరు, నేనే! ఆ బొమ్మకు నెత్తి నుంచి పాదాల దాకా బాణాలు. కింద నుంచి బాణం, పైనుంచి బాణం, కాళ్ళలో బాణం. ప్రతి బాణం పక్కనా ఒక్కొక్క ఇంగ్లీషు బీజాక్షరం. కింద ఒక గీత పైకి లేచి దబ్బున పడిపోయి ఉంది. సౌభాగ్యం అది చూసి పెట్టిన కేక వీధి చివరకు వినబడింది.

మీ మామ మంత్రాలు వేసే ఒక పూసారిని పిలుచుకొచ్చాడు. ఆయన చూసీ చూడగానే, "చేతబడే. కాళ్ళు కట్టేసినారు. వీపు దగ్గర నల్ల మరక ఉండాదే, అందులోనే కూచోనుండాది" అన్నాడు. గుమ్మడికాయ కొట్టించాడు. కాగితాన్ని పసుపు గుడ్డలో చుట్టి రుబ్బురోలు కింద పెట్టించాడు. ఈ తమిళ ఆడి నెల పోయేదాకా నేను ఊరి పొలిమేర దాటకూడదట. ఇప్పుడు నేను వాకిట్లోకి కూడా రాకుండా నిమ్మకాయలు కట్టారు.

ఇది తిలగవతి పనే. నా చోటు శాశ్వతంగా కావాలని చేసింది. సంతకు పోయేవాళ్ళతో నాలుగు మాటలు చెప్పి పంపాను. అవి కూడా అలమేలమ్మ రాయనంటోంది.

నాకు చావు భయం లేదు, తేనూ. పడుకునేది ఎక్కడైనా ఒకటే. కానీ ఇలా కూర్చోబెట్టి చంపుతారేమోనని భయంగా ఉంది. నువ్వు చదివినదాంట్లో దీనికి విరుగుడు ఉంటే చెప్పు.

మునియక్క


పాపిరెడ్డిపట్టి
26 జూలై 2025

అవ్వా, నా బంగారు అవ్వా,

ముందు ఆ నిమ్మకాయలు తీయించు. తిలగవతి అక్కకు ఇంకేమీ చెప్పి పంపకు. అది సూనియం కాదు. అది మా మణిమేగలై వేసిన బొమ్మ!

ఆ పిల్ల నీ ఊరు, మామ పేరు, నువ్వెలా ఉంటావో అన్నీ అడిగింది. ఎందుకని నేనూ అడగలేదు. నీ జాబు చూశాక పిలిచి అడిగితే బిక్కమొహం వేసింది. "అవ్వకు తొందరగా నయం కావాలని పంపినా టీచర్. తప్పులుంటే అవ్వ తిడుతుందని పేరు రాయలా" అంది. నీ పేరు అప్పుడే పాపిరెడ్డిపట్టి దాకా పాకింది చూడు.

రోలు కింద నుంచి ఆ కాగితం తీసి అలమేలు అత్తను పక్కన కూర్చోబెట్టుకో. గళ్ళ కాగితం యంత్రం కాదు, గీతలు సరిగ్గా రావడానికి పిల్లలు వాడేదే. బాణం అంటే బలం ఎటువైపు పనిచేస్తుందో చూపే గుర్తు. మొన ఎవరినీ గుచ్చడానికి కాదు. నడుము నుంచి కిందికి పోయే బాణం నీ బరువు, అంటే భూమి నిన్ను తనవైపు పట్టుకోవడం. కింద నుంచి పాదాలకు వచ్చే బాణం బస్సు నేల నిన్ను మోయడం. అరికాళ్ళ దగ్గర వెనక్కి చూసే బాణం, నేల నీ పాదాలను జారనివ్వకుండా ఆపడం. ఆ రోజు నిన్ను పట్టుకున్నవాటినే ఆ పిల్ల గీసింది అవ్వా.

ఇక వీపు దగ్గర మరక. క్లాసులో గీసేటప్పుడు మొదట అక్కడ పెద్ద బాణం వేసింది, బస్సు నిన్ను వెనక నుంచి తోసినట్టు. "ఎవరు తోశారు, చేయి ఎక్కడ ఉంది?" అని అడిగాను. బొమ్మ చుట్టూ వేలు పెట్టి వెతికింది. "ఎవురూ లేరు టీచర్" అని రబ్బరుతో చెరిపేసింది. పూసారికి కనిపించిన దయ్యం ఆ రబ్బరు మరక. కింద దబ్బున పడిన గీత నువ్వు కాదు, బస్సు వేగం. బ్రేకు పడ్డప్పుడు వేగం అలా ఒక్కసారిగా కిందికి వచ్చింది.

నా మొదటి జాబులో తప్పు జరిగింది. ఎవరూ తోయలేదంటే నీదే తప్పని కాదు. నువ్వున్న చోట గంప పట్టుకుని కుస్తీలు పట్టే పడుచువాడు నిలబడినా అలాగే పోయేవాడు. ఆ బొమ్మలో బరువు ఉంది, నేల ఉంది, వేగం ఉంది. వయసు ఎక్కడా లేదు. వెతుక్కోమను మామను.

తేను


సోగత్తూరు
1 ఆగస్టు 2025

నా తల్లీ తేనూ,

మళ్ళీ మనవరాలివయ్యావు. నువ్వు చల్లగా ఉండాలి, ఆ మణిమేగలై చల్లగా ఉండాలి. ఆ పిల్లను నోటికొచ్చినట్టు తిట్టాను, ఎవరో తెలియక. ఆ తిట్లన్నీ నిమ్మకాయలతో పాటు కాలువలో పారేశాను, తగలవని చెప్పు.

అలమేలమ్మ ఇంటికొచ్చి రోలు కింద నుంచి కాగితం తీసింది. సౌభాగ్యం దూరంగా తలుపు పట్టుకుని నిలబడింది. ఒక్కొక్క బాణం చెబుతుంటే ఒక్కొక్క అడుగు ముందుకు వచ్చింది. చివరికి నా పక్కనే కూర్చుని, "అత్తా, నీ ముక్కుపుడక కూడా వేసుండాది చూడు, ఎంత చక్కగా ఉండావో!" అంది. ఆ మాటకు నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నా డెబ్బై ఏళ్ళ బతుకులో నన్ను ఒక్కరు బొమ్మ గీశారా? ఫొటో అంటే రేషను కార్డుకు తీసిందే. అందులో దొంగలా ఉంటాను.

ఇంత వరకు మంచి కబురు. ఇప్పుడు చెడ్డది విను. మీ మామ బొమ్మను తిప్పి తిప్పి చూశాడు. తర్వాత, "సరే, సూనియం కాదు. నీకు తల కూడా తిరగలేదు, ఒప్పుకుంటా" అన్నాడు. నేను ఎగిరి గంతేసే లోపల ఏమన్నాడో తెలుసా?

"అయితే బ్రేకు తొక్కినప్పుడల్లా మనిషి ముందుకు పోవడం నిజమే కదా? వయసున్నోడైనా పోతాడని టీచరమ్మే రాసింది. రోడ్డు మీద దూడలకు కరువా? ఇంక ఎప్పుడూ పోవద్దు."

నా వ్యాజ్యం గెలిచింది, నేను ఓడిపోయాను. నీ చదువు పట్టుకునే వాడు నన్ను కట్టేశాడు. కోపం కూడా రావడం లేదు. ఆ రోజు నా నెత్తురు వాడి చొక్కా నిండా అయింది. దాన్ని సౌభాగ్యం ఎన్నిసార్లు ఉతికినా వాడు మళ్ళీ తొడుక్కోలేదు. వాడిది పంతం కాదు, భయం. పంతమైతే నేను విరిచేదాన్ని. భయాన్ని ఎలా విరవాలో తెలియడం లేదు.

ఆ పిల్లలనే అడుగు. ఎందుకు పడ్డానో చెప్పినవాళ్ళు ఎలా పడకూడదో కూడా చెప్పాలి కదా.

నీ మేలు కోరే
అవ్వ


పాపిరెడ్డిపట్టి
12 ఆగస్టు 2025

అవ్వా,

నువ్వు అడగమన్నట్టే అడిగాను. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి చెప్పారు. ఒకడు నీకు వెనక తాడు కట్టాలన్నాడు. ఇంకొకడు గంపను నెత్తికి కట్టమన్నాడు. మణిమేగలై మాత్రం, "చూడకుండా ఎట్ల చెప్పేది టీచర్? బస్సులో పోయి చూద్దాం" అంది.

హెడ్మాస్టరు గారు సరేనన్నారు. శనివారం కొందరిని తీసుకుని టౌన్ బస్సు ఎక్కాను. ఒకరు డ్రైవరు వెనక కూర్చుని వేగం ముల్లు చూసి చెప్పారు, ఒకరు గడియారం చూశారు, ఒకరు రాసుకున్నారు. మణిమేగలైకి ఒకటే పని: ఎవరు ఎప్పుడు లేస్తున్నారో చూడడం. పోను, రాను, మళ్ళీ పోను. కండక్టరు విసుక్కోలేదు. దిగేటప్పుడు పిల్లల చేతికి ఒక్కొక్క మిఠాయి కూడా పెట్టాడు.

సోమవారం బోర్డు మీద బస్సు వేగం గీత గీశారు. స్టాపింగు దగ్గరపడితే గీత మెల్లగా దిగుతుంది, ఆగినప్పుడు అడుగు గీతను తాకుతుంది. తర్వాత మణిమేగలై ఎవరెవరు లేచారో ఆ చోట్లలో చుక్కలు పెట్టింది. అవ్వా, చుక్కలన్నీ పైనే పడ్డాయి. ఒక్కటి కూడా అడుగున లేదు. గంప ఉన్నవాళ్ళు, చంటిబిడ్డ ఉన్నవాళ్ళు, కర్ర పట్టుకున్నవాళ్ళు, అందరూ గీత ఇంకా పైన ఉండగానే లేస్తున్నారు. బస్సు నిండా వేగం ఉన్నప్పుడు, చేతికి కమ్మీ అందని చోట నిలబడుతున్నారు.

మణిమేగలై సుద్దతో ఆ చుక్కల్ని ఒక్కొక్కటే తాకింది. "మా అమ్మ కూడా ఇట్లనే లేస్తుంది టీచర్" అంది మెల్లగా. ఆ రాత్రి వాళ్ళమ్మకు బొమ్మ గీసి చూపించిందట.

కాబట్టి విరుగుడు ఇదే. కూర్చుని ఉంటే సీటు నిన్ను పట్టుకుంటుంది, ముందు సీటు వీపు నీ చేతికి అందుతుంది. గంప నీ కాళ్ళకు, ముందు సీటుకు నడుమ ఇరికించు, అది ఎక్కడికీ పోదు. గీత అడుగును తాకాకే లే. అంటే బస్సు పూర్తిగా ఆగాక. దూడ ఎప్పుడైనా రానీ, నువ్వు కూర్చుని ఉంటే భయం లేదు.

"అంతలో బస్సు పోతే?" అంటావు. దానికి మా లెక్కల్లో జవాబు లేదు. అది డ్రైవరు, నువ్వు తేల్చుకోవలసింది. తేల్చుకోవడం నీకు నేను నేర్పాలా?

చుక్కలున్న గీతను పెద్దగా వేసి పంపుతున్నాం. ఈసారి అడుగున పిల్లలందరి పేర్లూ ఉన్నాయి, తమిళంలోనే. మామ చదువుకోవచ్చు.

తేను


సోగత్తూరు
29 ఆగస్టు 2025

తేనూ,

మీ అవ్వ గెలిచింది. నిదానంగా చెబుతాను, అలమేలమ్మ చేయి నొప్పి పుట్టినా సరే.

పిల్లలు పంపిన కాగితం మీ మామ వాకిట్లో కూర్చుని చదివాడు. పేర్లన్నీ పైకి చదివాడు. ఎవరెవరి పిల్లలో, బస్సులో పోయి నా కోసం చుక్కలు పెట్టారని మళ్ళీ మొదటి నుంచి చదివాడు. "ఒక్కసారి పోయి చూద్దాంరా. పడితే నేనే ఆ గంపను పొయ్యిలో పెడతా" అన్నాను. "నేనూ వస్తా" అన్నాడు.

మర్నాడు గంప పట్టుకుని స్టాపింగుకు ఇద్దరం పోయాం. బస్సు వచ్చింది, అదే డ్రైవరు. నేను ఎక్కలేదు. ముందుకు పోయి ఆయన కిటికీ కింద నిలబడి కాగితం పైకి పట్టుకున్నాను.

"పాటీ, నుదురు బాగైందా?" అన్నాడు పాపం, సొంత అవ్వను పిలిచినట్టే. తర్వాత కాగితం చూసి, "నిలిపేది నా పని. మీరు ముందే లేచి వస్తే నేనేం చేసేది?" అన్నాడు.

"నువ్వు నిలుపుతావని నమ్మకముంటే నేనెందుకు లేస్తానప్పా?" అన్నాను.

ఆయన తల గోక్కున్నాడు. వెనక నుంచి కండక్టరు, "పాటీ, ఎక్కుతావా, పంచాయితీ పెడతావా? టైమైపోతాండాది!" అని అరిచాడు. "గీత పడుకోనుండాదిలే, ఉండు" అన్నాను. వాడికేమీ అర్థం కాలేదు. డ్రైవరు మాత్రం నవ్వి, "ఎక్కు పాటీ, ఈ పొద్దు నువ్వు దిగేదాకా కదిలించను" అన్నాడు.

కూర్చున్నాను. గంప కాళ్ళ మధ్య ఇరికించాను. మీ మామ పక్కన కూర్చుని నా మోచేయి పట్టుకున్నాడు. చేయి మీద ఒక్కటిచ్చాను, వదిలాడు. సంత మలుపు వచ్చింది. అలవాటు చెడ్డది తేనూ, కాళ్ళు లేవబోయాయి. ఎప్పటిలాగే ఆడవాళ్ళంతా లేచి వాకిలికి ఎగబడ్డారు. నేను పళ్ళు బిగబట్టి కూర్చున్నాను. బస్సు ఆగింది. వాళ్ళంతా దిగారు. కండక్టరు విజిల్ నోట్లో పెట్టుకున్నాడు.

"ఓయ్! ఊదద్దు! ఇంకా లేయలా!" అని నేను అరిచిన అరుపుకు విజిల్ వాడి నోట్లోంచి జారింది. డ్రైవరు అద్దంలో చూస్తూ చేయి అడ్డం పెట్టాడు. అప్పుడు లేచాను. గంప తీసుకున్నాను. పెళ్ళికూతురిలా నడిచి మెట్లు దిగి నేల మీద నిలబడ్డాను. కింద ఉన్న ఆడవాళ్ళు చూస్తూ ఉండిపోయారు. నేను వెనక్కి తిరిగి "చూసినావా మాదేశూ?" అన్నాను.

పక్కన మాదేశు లేడు. వాడు నేను దిగడం చూస్తూ సీట్లోనే ఉండిపోయాడు. బస్సు వాడిని తీసుకుని వెళ్ళిపోయింది. తర్వాతి స్టాపింగులో దిగి ఎండలో నడిచి వచ్చాడు. నన్ను చూసి నవ్వాడు. నెత్తురు చూసిన రోజు నుంచి వాడు అలా నవ్వడం అదే మొదలు.

తిలగవతి నన్ను చూడగానే లేచింది. "రా అక్కా, నీ చోటు ఇంకొకరు ఆక్రమించుకోకుండా నేను కూచోనుండా. నువ్వేమో ఊరికే తిట్లు పంపినావు" అంది. ఇప్పుడు ఇద్దరం ఒకే చోట సర్దుకుని కూర్చుంటున్నాం. ఆమె మునగాకు, నా మెంతికూర.

ఇప్పుడు రోజూ పోతున్నాను. గంప అటక దిగింది, దించింది మీ మామే. మా బస్సులో ఇంకో ఇద్దరు ముసలివాళ్ళు కూడా ఆగేదాకా లేవడం లేదు. కండక్టరు తల పట్టుకుంటున్నాడు గానీ విజిల్ ఊదడం లేదు. ఆయనకూ డ్రైవరుకూ ఒక్కొక్క కట్ట కూర ఇచ్చాను. వద్దన్నా చేతిలో పెట్టాను.

నీకు ఏమిచ్చి రుణం తీర్చుకోను? నిన్ను నేను పెంచానని నువ్వంటావు. ఇప్పుడు నన్ను నువ్వు లేపి నిలబెట్టావు. నువ్వొక్కదానివే కాదు. నా ఊరు చూడనివాళ్ళు, నా కూర తిననివాళ్ళు, ఎవరో కన్న పిల్లలు, శనివారం ఆట మానుకుని నా కోసం బస్సెక్కారు. ఈ మేలుకు జాబులో నమస్కారం పెడితే సరిపోదు.

అందుకే సోమవారం నేనే వస్తున్నాను. ధర్మపురిలో పాపిరెడ్డిపట్టి బస్సు ఎక్కుతాను, ఒక్కదాన్నే. "తోడు రావాలా?" అని మీ మామ అడిగాడు. అడిగాడు గానీ చెప్పులు వేసుకోలేదు. ఆ పిల్లలకు పులగూర చేసి తెస్తాను, మణిమేగలైకి నా చేత్తో కలిపి పెడతాను.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. నువ్వూ పిల్లలూ బస్టాండుకు వచ్చినా బస్సు మీదికి ఎగబడద్దు. నా చేయి పట్టి దించడానికి ఎవరూ రావద్దు. దూరంగా నిలబడి చూడండి. బస్సు ఆగుతుంది. ఆగాక నేను లేస్తాను. లేచి, గంప తీసుకుని, దిగుతాను. నా రెండు కాళ్ళూ నేల మీద పడ్డాక, అప్పుడు రండి అందరూ.

మీ అవ్వ
మునియక్క